దాచుకున్న కాగితాలు ఎవరివి?

మత చరిత్ర అనగానే ప్రవక్తలు, పాస్టర్లు, మిషనరీలే గుర్తొస్తారు. ఆ మతాన్ని ఇంట్లో రోజూ మోసిన స్త్రీల కోసం వెతికితే వాళ్ళు దొరికేది ట్రంకుపెట్టెల్లోనే. పాత ఉత్తరాల్లో, డైరీల్లో, బైబిలు మొదటి పేజీలో రాసిపెట్టుకున్న పిల్లల పుట్టిన తేదీల్లో.

అమెరికాలో 1830లో మొదలైన మోర్మన్ మతాన్నే తీసుకుందాం. బహుభార్యాత్వం పాటించిన ఆ సమాజంలోని స్త్రీలను బయటివాళ్ళు నోరులేని బానిసలన్నారు. చర్చి పెద్దలు సంతృప్తిగా ఉన్న భార్యలన్నారు. కుటుంబాలు భద్రపరిచిన కాగితాలు ఈ రెండూ కాని కథ చెప్పాయి. మంత్రసాని పాటీ సెషన్స్ తన డైరీలో కాన్పుల లెక్కలతోపాటు, భర్త ఇంకో పెళ్ళి చేసుకున్నప్పటి దుఃఖాన్నీ రాసుకుంది. ఎమ్మెలిన్ వెల్స్ డైరీల్లో ఒంటరితనమూ ఉంది, ఓటుహక్కు పోరాటమూ ఉంది. ఇలాంటి డైరీలే ఆధారంగా చరిత్రకారిణి లారెల్ థాచర్ ఉల్రిచ్ 2017లో ఆ స్త్రీల చరిత్రను కొత్తగా రాసింది. అయితే 1880లలో ప్రభుత్వం బహుభార్యాత్వంపై కేసులు పెడుతుంటే అనేకమంది భార్యలు అజ్ఞాతంలోకి వెళ్ళారు, కొందరు పేర్లు మార్చుకున్నారు. కాగితం సాక్ష్యమయ్యే రోజుల్లో రాయకపోవడం కూడా ఆత్మరక్షణే.

ఈ మతం తెలుగువాళ్ళలోకీ ఒక కుటుంబం ద్వారానే వచ్చింది. సమోవాలో స్థిరపడిన ఎల్సీ, ఎడ్విన్ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చినప్పుడు వాళ్ళ బంధువులు 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అలాంటి చోట కుటుంబ కాగితాలే సంఘానికి తొలి చరిత్ర.

మన గోదావరి డెల్టాలో క్రైస్తవ చరిత్ర ఇంకా పాతది. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం కేంద్రంగా పనిచేశారు. ఆ మతంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది దళితులు. మిషను చరిత్రల్లో మగ మిషనరీల పేర్లు ఉంటాయి. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీల పేర్ల కోసం మాత్రం పేటల్లోకి వెళ్ళాల్సిందే.

ఆత్రేయపురం చుట్టుపక్కల నేను ఇలాంటి కాగితాల గురించి అడిగితే తరచుగా వచ్చిన జవాబు "ఏమీ లేవండీ" అనే. కాగితాలు లేక కాదు, చూపించే ధైర్యం లేక. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు మాత్రం లేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. మతం మారినవాళ్ళకు అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ లేదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. చర్చి గుమ్మం తొక్కినంత మాత్రాన వెలివాడ వదిలిందా? కుండ వేరు చేసినవాడు కులం మరిచిపోయాడా?

ఈ భారం ఎక్కువగా పడేది స్త్రీ మీదే. బళ్ళో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. బాప్తిస్మం కాగితం బయటపడితే పిల్లల సర్టిఫికెట్టుకు ముప్పు. మరి భర్త వదిలేస్తే? మనోవర్తికి, వితంతు పింఛనుకు, ఆస్తిలో వాటాకు పెళ్ళి రుజువు కావాలి. ఆ రుజువు ఉండేది చర్చి రిజిస్టరులోనే. ఆమెను కాపాడే కాగితమే ఆమె పిల్లల నోటికాడ కూడు లాగేయగలదు.

కాబట్టి స్త్రీల చరిత్రను సేకరించే మిత్రులకు నా సూచనలు ఇవి. అనుమతి అడగాల్సింది ఆ స్త్రీని, పాస్టరునో కొడుకునో కాదు. అసలు కాగితం ఆమె దగ్గరే ఉండాలి. నకలు ఎవరు చూడొచ్చో, పేర్లు ఎన్నేళ్ళు మూసి ఉంచాలో ఆమే చెప్పాలి. ఫోనులో ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టడం సేకరణ కాదు, ద్రోహం. వీటితోపాటు ఎస్సీ హోదాకు మతంతో ముడి తెంచాలన్న డిమాండును మన మహిళా సంఘాలు తమ డిమాండుగా ఎత్తుకోవాలి. దళిత క్రైస్తవ సంఘాలకు వదిలేసి ఊరుకోవడం మనకు తగదు.