పడుగు ఉన్న సైకిల్

అశోక్ చౌక్ దగ్గర ఒక చెల్లెమ్మ నన్ను ఆపి అడిగింది. "అన్నా, మా వాడు కార్బన్ సైకిల్ కావాలంటున్నడు. బట్టతోని చేస్తరట, నిజమేనా?"

నిజమే. ఇంకెవరికైనా చెప్పాలంటే కష్టం గానీ, సాంచాల నడుమ పెరిగిన మనవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. స్వెటర్లు అల్లే యాక్రిలిక్ నూలు ఉన్నది చూడండి, దాదాపు అదే జాతి పోగును గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటించి కాలిస్తే కార్బన్ మిగులుతుంది. ఒక్కో పోగు మందం మిల్లీమీటరులో 1000వ వంతులు ఏడు! అలాంటివి 3000 కలిపితే ఒక దారం. దాన్ని సాదా నేత, ట్విల్ నేత నేస్తారు. పొరలు పేర్చి, జిగురు పట్టించి, అచ్చులో ఉడికిస్తారు. తమాషా ఏమంటే, సైకిల్‌లో చాలా పొరలకు పేకే ఉండదు, ఉత్త పడుగే. పేక కిందా మీదా వంగిన నూలు కన్నా సాఫీగా సాగిన నూలే బరువు బాగా ఆపుతుంది. నేసిన బట్ట తరచుగా పైపొరకే. 2011లో ప్రయాణికులతో ఎగరడం మొదలుపెట్టిన బోయింగ్ 787 విమానం బరువులో సగం ఇలాంటి సరుకే.

ఇక లోహాలు. ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు, టైటానియం 4.5, అల్యూమినియం 2.7, జిగురుతో కలిసిన కార్బన్ 1.6. అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతే గానీ, వంగకుండా నిలిచే గుణమూ మూడో వంతే. అందుకే ఆ సైకిళ్ల గొట్టాలు లావుగా చేస్తారు. గొట్టం లావైతే బిగువు వస్తుంది. టైటానియం మాట ఎత్తకండి, ధర వింటే నిద్ర పట్టదు.

మా నాయన హెర్క్యులిస్ మీద చద్దర్ల మూటలు కట్టుకొని పేఠలన్నీ తిరిగేవాడు. ఉక్కుకు ఒక హద్దు ఉన్నది. దాని లోపల ఎన్ని లక్షల కుదుపులు తిన్నా అది అలసిపోదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, చిన్న కుదుపు కూడా లెక్కలో పడుతూనే ఉంటుంది. ఉక్కు విరిగితే మూల మీది వెల్డింగ్ దుకాణంలో అతుకుతారు. సైకిళ్లకు వాడే మంచి అల్యూమినియం అతికితే అక్కడ బలం పోతుంది, మళ్లీ కొలిమిలో పదును పెట్టాలి. కార్బన్‌కు గట్టి దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకుండానే లోపల పొరలు విడిపోవచ్చు.

కాబట్టి చెల్లెమ్మా, అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.కి డబ్బా కట్టుకొని, వెనుక నూలు సంచి వేసుకొని పోయే పిల్లవాడికి ఉక్కుదే కొనివ్వు. పందేలకు పోతానంటే అల్యూమినియం సరిపోతుంది. కార్బన్ వాడి సొంత జీతం వచ్చినంక చూసుకోనీ. అల్యూమినియం కొంటే మాత్రం నెలకోసారి తుడిచి, హ్యాండిల్ దగ్గర, సీటు కింద అతుకులు చూడమను. రంగు మీద వెంట్రుకంత గీత కనిపించినా ఆ రోజే తొక్కడం ఆపాలి.