అవగాహన కల్పించారట!

వారం తిరక్కుండా జిల్లా పేజీలో ఒక వాక్యం పడుతుంది: ఫలానా ఊళ్లో రక్తహీనతపై మహిళలకు అవగాహన కల్పించారు. వార్త వాకాడుదైనా, కోటదైనా, చిట్టమూరుదైనా వాక్యం అదే, కల్పించినవారి పేర్లే మారతాయి. కలిగిందో లేదో చెప్పే వాక్యం మాత్రం అచ్చు కాదు. తర్వాతెప్పుడో సర్వే చేసినా అడిగేది ‘పోస్టరు చూశారా, ఐరన్ మాత్రలు మంచివని తెలుసా’ అనే. ఫారం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆశా కార్యకర్త మొహం మీద తెలియదనేంత మొరటుతనం మన ఆడవాళ్లకు లేదు. ఆ మర్యాదనే శాతాలుగా కట్టి పైకి పంపుతున్నాం.

శాతాలే కావాలంటే నెత్తుటిని అడగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో రాష్ట్రంలోని 15-49 ఏళ్ల స్త్రీలలో 60 శాతానికి రక్తం తక్కువని తేల్చింది. 2019-21లో అది 58.8. అయిదేళ్లలోపు పిల్లల్లోనైతే 58.6 నుంచి 63.2కి పెరిగింది. ఏటా మూడు పాయింట్లు తగ్గిస్తామన్న ‘అనీమియా ముక్త్ భారత్’ పుట్టింది 2018లో. అప్పటికది పసి పథకమే కదా, పైగా వేలికొస చుక్కతో కట్టిన లెక్క అంత కచ్చితం కాదు కదా అంటారు. ఒప్పుకుందాం. మరి ఈ రెండు సర్వేల నడుమ గోడలకెక్కిన కాగితం ఏం చేసినట్టు? ఆ లెక్క ఈ సర్వేల్లో దొరకదు.

నన్నడిగితే సగం రోగం పోస్టరు భాషలోనే ఉంది. ‘పౌష్టికాహార లోపముచే సంభవించు’ అని మొదలెడితే దుగరాజపట్నం పట్టపోళ్లకైనా, యానాదులకైనా పట్టేదేమిటి? వాళ్లకది ‘రక్తం తక్కువ’. మాత్ర మానేసేది తెలియక కాదు. కడుపులో తిప్పుతుందని, దొడ్డికి నల్లగా వస్తుందని, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని. నలుపు మామూలే, తిన్నాక వేసుకోండి, వెంటనే టీ తాగకండి అన్న మూడు ముక్కలకు చోటుండదు. నాయకుల ఫొటోలకు మాత్రం ఉంటుంది.

మాట పనిచేస్తే ఎలా ఉంటుందో ఈ నేలకు తెలియనిది కాదు. (2022లో మనల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, చరిత్ర నెల్లూరుదే.) 1990ల మొదట్లో అక్షరాస్యతా వాచకంలో సారా మీద పాఠం చదివి నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాను ఊళ్లోకి రానివ్వలేదు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అది ఉద్యమం, సర్వేకు దానితో పోలికేమిటంటారా? పోలిక ఒక్కటే: పాఠం విలువ గుర్తుంచుకోవడంలో కాదు, చేతల్లో తేలింది. సర్వే కూడా చేతలనే వెతకాలి. పోస్టరుకు ముందోసారి, ఆర్నెల్ల తర్వాత మరోసారి అవే ఇళ్లకు వెళ్లి, ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టాలి. పోస్టరు పడని పాళెంతో పోల్చాలి. ఖర్చంటారు గానీ, నాలుగు పాళేలకు అయ్యే ఖర్చు ఫ్లెక్సీల బిల్లును మించదు.

చేసేదెవరన్నదే చిక్కు. పాఠం చెప్పిన ఆశా కార్యకర్తే పరీక్ష పెట్టి, తనకు తానే మార్కులేసుకోకూడదు. అసలు ఆమెకు తీరికేదీ? నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనమిచ్చి ఆమె చేత ఎన్ని యాప్‌లు నింపిస్తున్నారో ముందు ఆ సర్వే చేయించండి.