నోరు కాలితే ఏ భాష వస్తుంది?



సోషల్ సారు తక్షశిల పాఠం చెప్పినప్పుడు అందరం గొప్పగా విన్నాం. అది ఇప్పుడు పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర ఉంది. 1913 నుండి జాన్ మార్షల్ దొర ఇరవై ఏళ్లు తవ్వించాడు. 1980లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. అక్కడ పిల్లలు గురువుల దగ్గరే ఉండి చదివేవారట. అంటే అదీ ఒక రకం హాస్టలే. (ఆడపిల్లల సంగతి నాకు ఎక్కడా కనిపించలేదు.)

జాతక కథల్లో గురువుకు వెయ్యి నాణేలు ఇవ్వాలని ఉంది. లేనివాళ్లు పగలు గురువుకి పని చేసి రాత్రి పాఠం చెప్పించుకునేవారు. "పేదలకు కూడా చెప్పారు, ఎంత మంచివాళ్లు" అని మా క్లాసులో అన్నారు. నేనూ అన్నాను. తరువాత లైబ్రరీ బీరువాలో చిత్తుడు, సంభూతుడు అనే అన్నదమ్ముల జాతక కథ దొరికింది. అది చదివాక నా అభిప్రాయం మారింది.

వాళ్లు ఉజ్జయిని దగ్గర చండాల కులం పిల్లలు. వాళ్లు కంటపడితే అశుభమని గొప్పింటి అమ్మాయిలు కళ్లు కడుక్కొని వెనక్కి పోయారు. జనం వీళ్లను కొట్టారు. మన పుట్టుక వల్లే కదా ఇదంతా అని, బ్రాహ్మణ పిల్లల్లాగ వేషం వేసుకొని తక్షశిల వెళ్లారు. చిత్తుడికి చదువు పూర్తయింది కూడా. ఒకరోజు ఒక ఊళ్లో విందుకి వెళ్తే వేడి పాయసం పెట్టారు. చల్లారిందనుకొని సంభూతుడు నోట్లో పెట్టుకున్నాడు. నోరు కాలింది. కాలినప్పుడు ఎవరికైనా ఏ భాష వస్తుంది? అమ్మ భాషే కదా. తన భాషలో అరిచాడు. చిత్తుడూ మరిచిపోయి అదే భాషలో ఉమ్మెయ్యమన్నాడు. అంతే, దొరికిపోయారు. కొట్టి తరిమేసింది గురువు కాదు, తోటి పిల్లలే. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

నేను మూడో తరగతిలో చేరిన కొత్తలో దాహమేసి "ఏరు కావాలి" అన్నాను. మా కోయ భాషలో ఏరంటే నీళ్లు. తెలుగులో వాగంట, నాకేం తెలుసు? "ఏరంతా తాగేస్తావా" అని క్లాసంతా నవ్వారు. నవ్విన వాళ్లలో కోయ పిల్లలూ ఉన్నారు. చాలా రోజులు దాహమేసినా అడగలేదు.

మనల్ని వెయ్యి నాణేలు ఎవరూ అడగట్లేదు. అన్నం, బట్టలు, పుస్తకాలు ఇస్తున్నారు, కాదనను. కాని క్లాసులో సొంత భాష మాట్లాడితే బోర్డు మీద పేరు రాసేది ఎవరు? లీడర్లు. మనమే. పోయిన సంవత్సరం నేనే ఇద్దరి పేర్లు రాశాను. అందులో ఒకమ్మాయి సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి మళ్లీ రాలేదు. నా వల్లనో కాదో, అడగడానికి ధైర్యం చాల్లేదు.

తెలుగు వద్దని నేను అనడం లేదు. తెలుగు రాకపోతే పదో తరగతి పరీక్ష ఎలా రాస్తాం? ఇది కూడా తెలుగులోనే రాస్తున్నాను. పేర్లు రాయడం మాత్రం మానేద్దాం. మూడో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలు వాళ్ల భాషలో అడిగితే పక్కన ఒక పెద్దమ్మాయి ఉండి తెలుగులో చెప్పాలి. మేడమ్ గారు ఒప్పుకుంటే సాయంత్రం స్టడీ అవరులో కోయ పిల్లల దగ్గర నేను కూర్చుంటాను. లంబాడీ పిల్లల దగ్గర ఎవరు కూర్చుంటారో ఈ కాగితం కింద మీ పేరు రాయండి. పెన్సిలు దారంతో కట్టి ఉంచాను.