రాసుకుపోయినవాళ్లు మళ్లీ రావాలి

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం అంటే మన ప్రాంతంలో తెలియనివాళ్లు తక్కువ. 1915లో క్షయరోగుల కోసం తెరిచిన శానటోరియం అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపించారు. గాలి మంచిదని ఎక్కడెక్కడివాళ్లో వచ్చి నెలల తరబడి ఉండిపోయేవాళ్లు. చాలామందికి తెలిసిన కథ ఇంతే. ఆ ఆసుపత్రి తన గేటు దాటి ఊళ్లోకి నడిచిన సంగతి అంతగా తెలియదు.

1948లో దేశంలో బీసీజీ టీకా తొలుత వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. తర్వాత 1950 నుంచి 1955 దాకా ఇక్కడి పట్నంలో, చుట్టూ పల్లెల్లో జనాన్ని లెక్కరాసి క్షయ సర్వే చేశారు. జబ్బున్నవాళ్లు ఆసుపత్రికి వచ్చేదాకా ఆగలేదు. దగ్గు లేనివాళ్లకూ ఎక్స్‌రే తీశారు, ముంజేతికి ట్యూబర్‌క్యులిన్ సూది వేశారు. ఆ సూదిలో ఒక మెలిక ఉంది. వేసిన రోజు ఏమీ తేలదు. రెండు మూడు రోజులాగి మళ్లీ అదే మనిషి చేయి పట్టుకుని, గట్టిపడ్డ చోటు ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవాలి. మనిషి దొరక్కపోతే మొదటి రోజు పనంతా దండగ. ఆ సర్వే వివరాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయ్యాయి. క్షయ గురించి ప్రపంచం నేర్చుకున్నదాంట్లో మన తాతల చేతుల మీది కొలతలు కూడా ఉన్నాయి.

మరి మనం? బీపీ మిషనూ షుగర్ స్ట్రిప్పులూ సంచిలో వేసుకుని ఇంటింటి ఆరోగ్య సర్వేకు ఆశా కార్యకర్త ఎండలో వస్తుంది. "మేం ప్రైవేటులో చూపించుకుంటాంలేమ్మా, ఏమీ లేదని రాసుకో" అని గేటు దగ్గర్నుంచే పంపించేస్తాం. మంచినీళ్లు కూడా అడగం. ఏమీ లేదని రాయించిన ఆ ఇంట్లోనే, ఫ్రిజ్ తలుపు అరలో, పాల ప్యాకెట్ పక్కన ఇన్సులిన్ ఉంటుంది.

పెళ్లికి ఎదిగిన పిల్ల మూడు వారాలుగా దగ్గుతోందని ఏ తల్లి చెబుతుంది? ఆ తల్లిని తప్పుపట్టి లాభం లేదు. క్షయ అని తెలిస్తే గ్లాసు వేరుగా పెట్టేది మనమే, కుదిరిన సంబంధం చెడగొట్టేదీ మనమే. మామూలు క్షయకు మందు ఆరు నెలలు, అదీ ఉచితం. మందు వాడేవాళ్లకు తిండి కోసం ప్రభుత్వం నెలకు 1000 రూపాయలు ఇస్తోంది. దాచిన దగ్గు మాత్రం అదే ఇంట్లో పసిపిల్లల దాకా పోతుంది.

కుప్పంలో చిక్కు వేరు. తెల్లారకముందే బెంగళూరు రైలెక్కే మనిషి పగటి సర్వేకు ఎప్పుడు దొరుకుతాడు? తాళం చూసి పక్కింటికి పోతారు. గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ దుమ్ము మింగేవాడి సంగతీ అంతే. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు చెడినవాడికి క్షయ తొందరగా పట్టుకుంటుంది, అంటే ముందు చూడాల్సిన మనిషే లెక్కలో లేడు. ఆరోగ్య వివరాలన్నీ ఒకచోట చేర్చడానికి 2025లో కుప్పంలో డిజిటల్ నర్వ్ సెంటర్ పెట్టారు. సంతోషం. ఇంట్లో లేని మనిషిని కంప్యూటర్ మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

పుంగనూరు పొట్టి ఆవు తగ్గిపోతోందని బెంగపడి పలమనేరులో పశు పరిశోధన కేంద్రంవాళ్లు ఆ జాతిని కాపాడుకొస్తున్నారు. మంచిపనే. పుంగనూరు మనుషుల మీద కూడా ఆపాటి శ్రద్ధ ఉండాలనడం అత్యాశ కాదనుకుంటాను.

"రాసుకుపోయినోళ్లు మళ్లీ రాలేదు" అని జనం అంటే అది సాకు కాదు, న్యాయమైన ఫిర్యాదు. బీపీ ఎక్కువుందని యాప్‌లో ఎక్కించి, మాత్ర అందిందో లేదో చూడకపోతే ఆ సర్వే ఎవరికోసం? పోయినసారి తేలిన రోగుల్లో ఎంతమంది మందులు వాడుతున్నారో, పేర్లు బయటపెట్టకుండా అంకె మాత్రం, వార్డువారీగా మున్సిపల్ సమావేశంలో చదవమని అడుగుదాం. రోడ్లూ కాలవల గురించి అడిగే గొంతుతోనే అడుగుదాం. కుప్పంలో ఆదివారం పూట సర్వే పెట్టమందాం. ఎక్స్‌రే బండిని క్వారీ దగ్గరికే రానిచ్చి, కూలి కోయకుండా మనుషుల్ని దాని దగ్గరికి పంపమని యజమానికి చెప్పాల్సింది కూడా ఆ ఆశా అమ్మాయి కాదు. అతనితో కలిసి గుళ్లో, పెళ్లిళ్లలో కూర్చునే మనం.