తాళం వేసిన ఇంటికి దోషి ఎవరు?

పేదలకిచ్చిన రెండు పడక గదుల ఇళ్లకు తాళాలు వేలాడుతున్నాయనీ, అటువంటి కేటాయింపులను రద్దు చేయాలనీ తరచు వింటున్నాము. ఇల్లు అక్కర లేనివాడు దరఖాస్తు ఎందుకు పెట్టుకున్నాడని నిలదీస్తున్నారు. ఆ ప్రశ్న వేయవలసింది లబ్ధిదారుణ్ణి కాదు, అతని బతుకుతెరువుకు అంత దూరాన ఇల్లు కట్టినవారిని.

కొల్లూరునే తీసుకోండి. సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగు రోడ్డు దాపున, 117 బ్లాకులలో 15,660 ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇల్లు 560 చదరపు అడుగులు. ఒక పేద కుటుంబానికి అది చిన్న విషయం కాదు. కాని చార్మినారు నుంచి అక్కడికి సుమారు ముప్పై కిలోమీటర్లు. లాడ్ బజారుకు లక్క గాజులు చేసే ఇల్లాలికి, జర్దోసీ మగ్గం మీద కూర్చునే యువకునికి, తోపుడు బండిపై పండ్లు అమ్మే వృద్ధునికి పని దొరికేది పాతబస్తీ గల్లీలలోనే. రానుపోను చార్జీలకే కూలి కరిగిపోతే ఆ కుటుంబం ఏం చేస్తుంది? మళ్లీ పాత అద్దె గదికే చేరుతుంది. కొత్త ఇంటికి తాళం పడుతుంది.

నగరంలో భూమి లేదంటారు. 1908 మూసీ వరదల అనంతరం, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు మల్లేపల్లి వంటి చోట్ల నగరం నడుమనే ఇళ్లు కట్టింది. మన కాలంలో సికింద్రాబాద్ బోయిగూడ ఐ.డి.హెచ్. కాలనీలో పాత ఇళ్లు తొలగించి, ఆ స్థలంలోనే 396 ఇళ్లు నిర్మించి 2015లో అప్పగించారు. అక్కడ సాధ్యమైనది పాతబస్తీలో విస్తృతంగా ఎందుకు సాధ్యం కాదు?

ఇక నిర్వహణ. జీవితకాలం ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను నేను. నిర్మాణానికి అంచనా ఉంటుంది, టెండరు ఉంటుంది, కొలతల పుస్తకం ఉంటుంది, తుది బిల్లు ఉంటుంది. తాళంచెవులు అప్పగించిన నాడు ఫైలు మూతపడుతుంది. ఆ తరువాత తొమ్మిదో అంతస్తుకు నీరెక్కించే మోటారు కాలిపోతే, లిఫ్టు ఆగిపోతే, ఖర్చు ఏ పద్దు కింద పెట్టాలి? సంపన్నుల అపార్ట్‌మెంట్లు నెలనెలా వేలు వసూలు చేసి నడిపే యంత్రాలను రోజుకూలీలు తమ జేబుతో నడపాలనడం న్యాయమా? సింగపూరులో ప్రభుత్వ గృహాల ఉమ్మడి భాగాల నిర్వహణకు 1988లోనే టౌన్ కౌన్సిళ్ల చట్టం తెచ్చారు. పెద్ద మరమ్మతులకు నిధిని విడిగా కూడబెట్టడం ఆ కౌన్సిళ్ల విధి. మనకు అటువంటి చట్టబద్ధమైన ఏర్పాటు కావాలి.

మన వాటా సంగతీ చూడాలి. 2015 నాటి మార్గదర్శకాలు పట్టణాలలో 12 శాతం ఇళ్లు మైనారిటీలకు కేటాయించాయి. 2011 జనగణన ప్రకారం హైదరాబాదు జిల్లా జనాభాలో ముస్లింలు 43 శాతానికి పైగా ఉన్నారు. ఆ 12 శాతమైనా కాలనీలవారీగా ఎందరికి దక్కిందో ప్రభుత్వం ప్రకటించాలి. వేల కుటుంబాలను తరలించిన చోట ఉర్దూ మాధ్యమ పాఠశాల, ఆసుపత్రి, ఖబరస్తాన్, శ్మశానవాటిక ఉన్నవో లేవో కూడా చెప్పాలి. ఇది ముస్లింల గోడు మాత్రమే కాదు. ఆగిన లిఫ్టు ముందు దళిత సోదరుడూ మనతోనే నిలబడతాడు.

కనుక మన కోరికలు స్పష్టం. ఉపాధి ఉన్న బస్తీలోనే ఇల్లు కట్టాలి. దూరపు కాలనీలో ఇల్లు వచ్చినవారికి దగ్గరి కాలనీకి మారే అవకాశం ఇవ్వాలి. నివాసులు ఎన్నుకున్న సంఘానికి నిర్వహణ నిధిపై అధికారం ఉండాలి. విచారణ లేకుండా ఏ కేటాయింపునూ రద్దు చేయరాదు.

మహల్లా కమిటీల పెద్దలకు ఒక మనవి. ఇల్లు వచ్చి కూడా అద్దె గదిలోనే ఉంటున్న కుటుంబాల జాబితా తయారు చేయండి. పని ఎక్కడ, చార్జీ ఎంత, పిల్లల బడి ఎక్కడ అన్నవి రాయించి, సంతకాలతో అధికారులకు అందజేసి రసీదు తీసుకోండి. కేటాయింపుల వివరాలకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రద్దు నోటీసు వచ్చాక పరుగెత్తడం కన్న ఈ పని ఈ నెలలోనే మొదలుపెట్టడం మేలు.