బదిలీపై వచ్చిన ఉద్యోగికి ఇల్లు వెదకుట ఎవరి బాధ్యత?



ప్రతి సంవత్సరం ఏప్రిల్, మే నెలలు వచ్చుసరికి మన శాఖలలో బదిలీ ఉత్తర్వులు వెలువడుచుండును. ఆ కాగితంలో ఉద్యోగి పేరు, హోదా, విడుదల కావలసిన తేదీ, చేరవలసిన కార్యాలయం అన్నీ ఉండును. ఆ రాత్రి అతని భార్యాబిడ్డలు ఎక్కడ తల దాచుకొనవలెనో మాత్రం ఉండదు. అది అతని సొంత విషయమని పరిపాలనా యంత్రాంగం భావించుచున్నది. విచారకరమైన సంగతి ఏమనగా, మన సంఘాలలో పలువురు కూడ ఇంచుమించు అట్లే భావించుచున్నారు. బదిలీ అన్యాయమైనచో మెమొరాండం వ్రాయుదుము, ధర్నా చేయుదుము. బదిలీ సక్రమమైనదే అయినచో పూలమాల వేసి పంపివేయుదుము. క్రొత్త ఊరిలో ఇల్లు వెదకు పనిని అతని అదృష్టానికి వదలివేయుదుము. ఇది పొరపాటని మా అభిప్రాయం. పుదుచ్చేరిలోని సారం ప్రాంతంలో మన సహోద్యోగి ఒకరి అనుభవం చూచిన తరువాత ఈ అభిప్రాయం మాలో మరింత బలపడినది.

నేడు తెలుగు ఉద్యోగి పొరుగు రాష్ట్రాలలో పనిచేయుట వింత కాదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష వ్రాసి పోస్టల్ అసిస్టెంట్లుగా వచ్చినవారికి, రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డుల ద్వారా వచ్చినవారికి స్వస్థలంలోనే కొలువు దొరకునన్న హామీ లేదు. పుదుచ్చేరి స్టేషను దక్షిణ రైల్వే తిరుచిరాపల్లి డివిజనులోనిది. అక్కడి తపాలా కార్యాలయాలు తమిళనాడు సర్కిల్ క్రిందివి. ఇవి గాక, గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం ఆ కేంద్రపాలిత ప్రాంతంలోని భాగమే కనుక, 800 కిలోమీటర్లకు పైబడిన దూరం నుండి యానాం కుటుంబాలు కూడ తమ రాజధానికి వచ్చి ఇండ్లు వెదకుకొనుచున్నవి.

సారం ఎవరికి దగ్గర, ఎవరికి దూరం?

పుదుచ్చేరి పాత పట్టణం అండాకారపు బులివార్డు రోడ్ల మధ్య ఉన్నది. సారం ఆ వలయానికి వెలుపల, వాయవ్య దిశగా, ఉళవర్‌కరై పురపాలక సంఘం పరిధిలో ఉన్నది. కామరాజ్ సాలై ఈ ప్రాంతం గుండా పోవుచున్నది. ఉత్తరాన లాస్‌పేట, విమానాశ్రయం కలవు. గోరిమేడులోని జిప్మర్ ఆసుపత్రికి పోవుట సులభం. ఇన్ని సౌకర్యాలు ఉన్నందున క్రొత్తగా వచ్చిన ఉద్యోగులు ఈ ప్రాంతంవైపు మొగ్గుట సహజం.

అయితే ప్రాంతం మంచిదా, చెడ్డదా అను ప్రశ్నకు అందరికీ ఒకే సమాధానం ఉండదు. ప్రధాన తపాలా కార్యాలయం పాత పట్టణంలోని రంగపిళ్ళై వీధిలో ఉన్నది. సారం నుండి తపాలా ఉద్యోగి సైకిలుపై అక్కడకు పోగలడు. రైల్వే స్టేషను బులివార్డు దక్షిణపు కొసన, సుబ్బయ్య సాలైలో ఉన్నది. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కవలసిన పాయింట్స్‌మన్‌కు, అర్ధరాత్రి డ్యూటీ దిగు స్టేషను సిబ్బందికి పట్టణమంతా దాటి ఇల్లు చేరవలసి వచ్చును. ఆ వేళకు బస్సు ఉండదు. కావున ఇల్లు చూచుటకు ముందు ఉద్యోగి తన రోస్టరు చూచుకొనవలెను. ఏ వేళ ఇంటినుండి బయలుదేరవలెనో ఆ వేళకే ఒకసారి ఆ దారిన నడచి చూడవలెను. పగటిపూట ఆదివారంనాడు చూచిన దూరం దూరం కాదు.

అలవెన్సు లెక్క

పుదుచ్చేరి ‘వై’ తరగతి నగరం. ఏడవ వేతన సంఘం తరువాత 2017 జూలైలో ఈ తరగతికి ఇంటి అద్దె అలవెన్సు మూల వేతనంలో 16 శాతంగా నిర్ణయింపబడినది. కరువు భత్యం 25 శాతం దాటినప్పుడు అది 18 శాతం అయినది. 2024 జనవరిలో కరువు భత్యం 50 శాతానికి చేరగా 20 శాతం అయినది. ఆ లెక్కన 18,000 రూపాయల మూల వేతనంతో చేరిన ట్రాక్‌మన్‌కు 3,600 రూపాయలు, 21,700తో చేరిన పోస్టుమన్‌కు 4,340 రూపాయలు, 25,500తో చేరిన పోస్టల్ అసిస్టెంటుకు 5,100 రూపాయలు లభించును. ఈ సొమ్ముతో భార్యాబిడ్డలు నివసింపదగిన ఇల్లు పట్టణంలో దొరకునా లేదా అన్నది ఇల్లు వెదకిన ప్రతి సోదరునికీ తెలిసిన సంగతే.

అద్దె కంటె ముందు అడ్వాన్సు ఎదురగును. చెన్నై పరిసరాలలో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడుగు ఆచారం చిరకాలంగా ఉన్నది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్టు తీసుకొనరాదని ఉన్నది. కాని అది నమూనా మాత్రమే. ఆయా ప్రభుత్వాలు స్వీకరించి చట్టం చేసినప్పుడే దానికి బలం వచ్చును. బదిలీ అలవెన్సుగా మూల వేతనంలో 80 శాతం ఇచ్చుచున్న మాట నిజమే. స్వంత కోరికపై బదిలీ కోరినవారికి అది కూడ లేదు. వారు సీనియారిటీని, సొమ్మును రెండింటినీ వదలుకొని వచ్చినవారు.

ఇట్లు చేతిలో సొమ్ము తక్కువైనప్పుడు ఉద్యోగి దేనిని వదలుకొనును? మొదట పై అంతస్తును వదలుకొనును. పల్లంలోని సందులో, నేల అంతస్తులో, తక్కువ అద్దెకు దొరకిన ఇల్లు తీసికొనును. అసలు ప్రమాదం అక్కడనే ఉన్నది.

నీరు ఎక్కడ నిలుచునో అడుగవలెను

గోదావరి జిల్లాలనుండి వచ్చిన మనవారికి జూన్, జూలైలలో వానలు అలవాటు. పుదుచ్చేరి తీరంలో పెద్ద వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాలతో కురియును. బదిలీపై వచ్చు ఉద్యోగి ఇల్లు చూచునది మే, జూన్ నెలలలో. అప్పుడు ప్రతి వీధి పొడిగానే ఉండును, ప్రతి గోడకు క్రొత్త రంగు ఉండును.

మేము చెప్పదలచిన సహోద్యోగి గోదావరి ప్రాంతంవాడు, తపాలా శాఖలోనివాడు. 2024 వేసవిలో కుటుంబంతో వచ్చి సారంలో ఒక నేల అంతస్తు ఇల్లు అద్దెకు తీసికొన్నాడు. ఆ సంవత్సరం నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటినది. ఒక్క దినంలో 48 సెంటీమీటర్లకు పైగా వాన కురిసినది. రెయిన్‌బో నగర్, కృష్ణా నగర్ వంటి పల్లపు కాలనీలు నీటిలో మునిగినవి. మన సోదరుని ఇంటిలో మంచం ఎత్తుకు నీరు వచ్చినది. బియ్యం తడిసినవి. పిల్లల పుస్తకాలతోపాటు అతని చదువు సర్టిఫికెట్లు కూడ తడిసినవి. భాష రాని ఊరిలో ఎవరిని పిలువవలెనో తెలియక భార్యాభర్తలు పిల్లలను వంటగట్టుపై కూర్చుండబెట్టినారు. తెల్లవారిన పిమ్మట స్థానిక శాఖకు చెందిన తమిళ సోదరులు ఇద్దరు మొలలోతు నీటిలో వచ్చి, వారిని తమలో ఒకరి మేడ మీదికి తీసికొని పోయినారు. పది దినములు అక్కడనే అన్నం పెట్టినారు.

తరువాత మేము పోయి పలుకరించినప్పుడు ఆ శాఖ పెద్ద ఒక మాట అన్నారు. “ఆ సందులో నీరు నిలుచునని మా అందరికీ తెలుసునండీ. తమ్ముడు మమ్ములను అడుగలేదు. మేమూ తమ్ముణ్ణి అడుగలేదు.” ఈ రెండు వాక్యాలలో మన సంఘాల లోపమంతా ఉన్నది.

రంగు వేసిన గోడ చెప్పని సంగతిని పొరుగింటివారు చెప్పుదురు. 2011 డిసెంబరు 30న వచ్చిన థానే తుపానునాడు, 2024 ఫెంగల్‌నాడు నీరు ఎంతవరకు వచ్చినదో వీధి చివరి టీ కొట్టువానిని అడిగినను తెలియును. బోరు నీటిని ఒక గ్రుక్కెడు నోట పోసికొని చూడవలెను. తీరపు పట్టణంలో ఉప్పు నీరు దిగిన బోర్లు ఉండును. పురపాలక సంఘపు నీరు ఏ వేళ వచ్చునో, ఎంతసేపు వచ్చునో తెలిసికొనవలెను.

బడి, ఒప్పందం, కులం

పిల్లల బడి మరొక చిక్కు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవానిని తమిళ బడిలో హఠాత్తుగా కూర్చుండబెట్టుట కష్టం. బదిలీలకు లోబడిన కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలకు కేంద్రీయ విద్యాలయాలలో ప్రాధాన్యత ఉన్నది. పుదుచ్చేరిలో అవి జిప్మర్ ఆవరణలోను, కాలాపేటలోని విశ్వవిద్యాలయ ఆవరణలోను ఉన్నవి. బడిలో సీటు నిశ్చయించుకొని ఆ తరువాత ఇల్లు వెదకుట మంచిది. ఇల్లు మార్చుకొనవచ్చును గాని, మధ్యలో పిల్లవాని బడి మార్చుట తేలిక కాదు.

ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండవలెను. ఒక సంవత్సరానికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయవలెను. అందుచేతనే పదకొండు నెలల కాగితం వాడుకలోనికి వచ్చినది. అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగి ఇచ్చెదరు, రంగు ఖర్చు ఎవరిది అన్నవి ఆ కాగితంలో ఉండవలెను. ఇంటి యజమానిని శత్రువుగా చూడనక్కరలేదు. అనేక చోట్ల అతడు కూడ పింఛనుపై జీవించు మనవంటి ఉద్యోగియే.

కాని కొన్ని గడపల వద్ద అద్దె కంటె ముందు కులం అడుగుదురు, మతం అడుగుదురు, వంటలో ఏమి వండుదురని అడుగుదురు. ఈ అవమానం మన సంఘ సభ్యులందరికీ సమంగా ఎదురు కాదు. దళిత సోదరునికి, ముస్లిం సోదరునికి ఎదురైనంతగా మిగిలినవారికి ఎదురు కాదు. ఇల్లు వెదకుట ‘ఎవరి తంటా వారిది’ అని మనం ఊరకున్నచో, ఈ బరువంతా వారి భుజాలపై పడవేసిన వారమగుదుము. మనలో కొందరు తమ కులంవారి వీధినే వెదకుకొనుట కూడ చూచుచున్నాం. ఒకే గేంగులో, ఒకే సార్టింగ్ బల్ల వద్ద పనిచేయువారు సాయంత్రానికి వేర్వేరు కులపు వీధులలోనికి పోయినచో, మన ఐక్యత గేటు వరకే అని అర్థం.

సంఘానికి ఏమి సంబంధం?

“ఇల్లు వ్యక్తిగతం, సంఘానికి ఏమి పని?” అని అడుగు మిత్రులకు 1974 మే నెలను గుర్తుచేయుచున్నాం. మే 8 నుండి 27 వరకు సాగిన రైల్వే సమ్మెను అణచుటకు ప్రభుత్వం ఎంచుకొన్న ఆయుధాలలో క్వార్టర్ల నుండి కుటుంబాలను వెడలగొట్టుట ఒకటి. ఇల్లు వ్యక్తిగతమని యజమాన్యం ఆనాడు అనుకొనలేదు. ఆనాడు బయటపడిన కుటుంబాలకు అన్నం పెట్టినవారు సాటి కార్మికులే.

పుదుచ్చేరి కార్మికులకు కూడ పెద్ద చరిత్ర కలదు. 1936 జూలై 30న మిల్లు కార్మికులపై జరిగిన కాల్పులలో 12 మంది ప్రాణాలర్పించినారు. ఆ ఉద్యమ నాయకుడు వి.సుబ్బయ్య పేరనే నేడు రైల్వే స్టేషను ఎదుటి రోడ్డు ఉన్నది. అట్టి ఊరిలో క్రొత్తగా దిగిన కార్మికుడు పెట్టె పట్టుకొని బ్రోకరు కోసం తిరుగుట మనకు గౌరవం కాదు.

కావున మా సూచన సులభమైనది. ప్రతి శాఖా సంఘం ఒక ఇండ్ల రిజిస్టరు ఉంచవలెను. ఏ వీధిలో నీరు నిలుచును, ఏ ఇంటి అడ్వాన్సు సక్రమంగా తిరిగి వచ్చినది, ఎక్కడ కులం అడుగుదురు, రాత్రి డ్యూటీవారికి ఏ దారి క్షేమం అన్నవి ఇల్లు ఖాళీచేయు ప్రతి సభ్యుడు అందులో వ్రాయవలెను. బదిలీ ఉత్తర్వు వచ్చిన వెంటనే పంపు శాఖ అందుకొను శాఖకు జాబు వ్రాయవలెను. జాబులు చేరవేయు మనకు ఇది తెలియని పని కాదు. మన పరస్పర సహకార సంఘాలు అడ్వాన్సు నిమిత్తం చిన్న ఋణం ఇచ్చు ఏర్పాటు చేయవలెను. శిథిలమైన క్వార్టర్ల స్థానంలో క్రొత్తవి కట్టవలెనని, అలవెన్సు వాస్తవపు అద్దెకు దగ్గరగా ఉండవలెనని, 2025లో ఏర్పాటైన ఎనిమిదవ వేతన సంఘం ఎదుట మన సమాఖ్య గట్టిగా వాదించవలెను.

ఆ కోర్కెలు నెరవేరుటకు కాలం పట్టును. రిజిస్టరు కొనుటకు మాత్రం ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. సారంలోని శాఖవారు ఒక నోటుపుస్తకంతో ఆ పని ఇప్పటికే ప్రారంభించినారు. అందులో మొదటి పుట వ్రాసినది, నీటిలో సర్టిఫికెట్లు తడిసిన మన గోదావరి సోదరుడే. ఈ వేసవి బదిలీలు వెలువడుటకు ముందే మిగిలిన శాఖలు కూడ అట్టి పుట ఒకటి వ్రాసి సిద్ధంగా ఉంచవలెనని కోరుచున్నాం.