నక్కవేట: అవసరమూ, వేడుకా

ఇంగ్లాండులో నక్కవేట అనగానే చదువుకున్నవారి కన్నులకు కట్టే చిత్రం ఒకటే. ఎర్రకోట్లు తొడిగిన దొరలు, మేలుజాతి గుర్రాలు, కంచెల మీదుగా దూకే సవారీ, ముందు మొరుగుతూ పరుగెత్తే వేటకుక్కల గుంపు. ఆ చిత్రం అబద్ధం కాదు. కాని సగం మాత్రమే. ఆ దేశపు వాయవ్యమూల, పూర్వం కంబర్లాండు, వెస్ట్‌మోర్లాండు అని వ్యవహరింపబడి, నేడు కంబ్రియా అని పిలువబడే కొండసీమలో, గుర్రాల ఊసే లేని వేట ఒకటి తరతరాలుగా సాగినది. దానిలో దొరలు తక్కువ. గొర్రెలు మేపుకొనే చిన్న రైతులు, పలకరాతి గనుల కూలీలు, పల్లెల చేతిపనివారు ఎక్కువ. వారికి వాహనం వారి కాళ్ళే.

నక్కవేట ఉండవచ్చునా, ఉండరాదా అన్న వివాదంలో గుర్రాల మీది దొరలను ఎదుట నిలుపుకొని తీర్పు చెప్పడం సులభం. ధనికుల మీది కోపమూ, మూగజీవి మీది జాలీ అక్కడ కలిసిపోతాయి. తీర్పులో కోపం పాలెంతో, జాలి పాలెంతో చెప్పినవారికే తెలియదు. కాలినడకన సాగిన ఈ సామాన్యుల వేటను ఎదుట నిలుపుకొన్నప్పుడు గాని ప్రశ్న తన నిజరూపంతో కనబడదు. అందుచేత విచారించవలసినది దీనినే.

ముందుగా జంతువును గూర్చి ఒక మాట. తెలుగులో నక్క అంటే సాధారణంగా ఊరి పొలిమేరలలో రాత్రివేళ కూతవేసే జంతువు, సంస్కృతంలో సృగాలం. చిన్నయసూరి నీతిచంద్రికలోని కరటక దమనకులు ఆ జాతివారే. ఇంగ్లాండులో వేటాడిన నక్క వేరు. మన మెట్టపొలాలలో బొరియలు చేసుకొని బ్రతికే గుంటనక్కకు అది దగ్గరి చుట్టం. ఎర్రని రోమం, కుచ్చువంటి తోక దాని గురుతులు. ఇంగ్లీషువారు దక్షిణదేశానికి వచ్చినప్పుడు నీలగిరులలో, ఉదకమండలం చుట్టూ ఉన్న పచ్చికబయళ్ళలో, తమ నక్క దొరకక మన నక్కనే దాని స్థానంలో పెట్టుకొని, స్వదేశం నుండి వేటకుక్కలను తెప్పించి గుర్రాలపై వేటాడినారు. నీలగిరులలో వారికి కాపాడుకోవలసిన గొర్రెపిల్లలు లేవు. వేడుకకు జంతువు ఏదైనా సరిపోతుందనడానికి ఆ మార్పిడియే సాక్ష్యం.

కాని కొండసీమవారి వేట కేవలం అటువంటి వేడుక కాదు. ఇంగ్లాండులో కెల్ల ఎత్తైన శిఖరం స్కాఫెల్ పైక్, 978 మీటర్లు, ఆ సీమలోనిదే. నిట్టనిలువు వాలులు, కాలు పెడితే జారిపోయే రాళ్ళగుట్టలు, మంచు, పొగమంచు. గుర్రం అక్కడికి పోలేదు. కాబట్టి వేటనాయకుడూ, అతని వెంటవచ్చే ఊరివారూ నడిచే పోవలసినవారు. వారి కుక్కలు సైతం మైదానపు కుక్కలకంటె తేలికైన ఎముక గలవి, రాతిమీద పట్టుతో పరుగెత్తగలవి. కుక్కలను అక్కడ జతల లెక్కన లెక్కిస్తారు. బ్లెంకాత్రా, అల్స్‌వాటర్, కానిస్టన్, మెల్‌బ్రేక్ మొదలైన పేర్లతో ఒక్కొక్క లోయకు ఒక్కొక్క గుంపు ఉండేది. వేసవిలో వేట లేనప్పుడు ఆ కుక్కలను రైతులు తమ తమ ఇళ్ళకు తీసుకొనిపోయి పెంచి, శరత్కాలంలో తిరిగి అప్పగించేవారు. ఆ గుంపు పేరుకు ఎవరిదైనా, నిజానికి ఊరందరిదీ.

వేట తెల్లవారుజామున మొదలయ్యేది. రాత్రి తిరిగి తిరిగి పగటినిద్రకు పోయిన నక్క వదలిన వాసనజాడను కుక్కలు నేలమీద వెదకి పట్టుకొని, తడబడుతూ, తప్పుతూ, మరల దొరకించుకొంటూ కొండ ఎక్కేవి. నక్క లేచినదంటే అసలు పరుగు మొదలు. మనుష్యులు దానితో పరుగెత్తలేరు గనుక కొండకొమ్ముమీద నిలిచి చెవియొగ్గి వినేవారు. ఏ కుక్క గొంతు ఏదో, ఆ గొంతులో మార్పునకు అర్థమేమో వారు గుర్తించేవారు. నక్క రాళ్ళగుట్టలో దూరితే టెర్రియర్ అనే పొట్టికుక్కను లోపలికి విడిచేవారు. సాయంకాలానికి ఒక్కొక్కరు ఇరవై మైళ్ళు నడిచినా ఆశ్చర్యం లేదు. వసంతంలో గొర్రెలు ఈనే వేళ, పిల్లలను నక్క ఎత్తుకొనిపోతున్నదని కాపరి కబురంపితే, వేటనాయకుడు కుక్కలతో వచ్చి ఆ దోషిని వెదకడం ఊరి ఆచారం.

ఈ సీమ వేటగాండ్రలో లోకమెరిగిన పేరు జాన్ పీల్‌ది. 1776లో పుట్టి 1854లో మరణించిన ఈ రైతు తన సొంత ఖర్చుతో కుక్కలను సాకి, గుర్రంమీదా, కాలినడకనా వేటాడినాడు. అతని కోటు ఎర్రనిది కాదు. ఆ కొండగొర్రెల ఉన్నితో నేసిన బూడిదరంగుది. మిత్రుడు జాన్ ఉడ్‌కాక్ గ్రేవ్స్ అతనిమీద ఒక పాట కట్టి, 1833లో టాస్మేనియాకు వలసపోయినాడు. పాట మాత్రం ఇంగ్లాండులో నిలిచి, ఊరి విందులనుండి సైనికదళపు కవాతు బాణీదాకా ఎక్కినది. ఒక సామాన్య రైతు వేటాడిన కారణంగా అంతటి కీర్తిని పొందడం చూస్తే, ఆ వేట ఆ ప్రజల హృదయంలో ఎంత లోతుగా నాటుకొన్నదో తెలుస్తుంది.

కాబట్టి ఆ వేటను కాదనేవారు మొదట వారి మాట వినవలసి ఉన్నది. వారు చెప్పేవి మూడు. నక్క గొర్రెపిల్లలను తింటుంది. బీదరైతుకు ఒక్క పిల్ల పోయినా నష్టమే. తుపాకి గురితప్పితే నక్క గాయపడి దినాలతరబడి బాధపడుతుంది. కుక్కల వేటలో అది చస్తే వెంటనే చస్తుంది, తప్పించుకొంటే చెక్కుచెదరక తప్పించుకొంటుంది. చివరది, చలికాలంలో ఒంటరిగా మిగిలే లోయలలో మనిషిని మనిషితో కలిపేది ఈ వేటే. ఈ వాదాలకు ప్రభుత్వపు గుర్తింపు కూడా లేకపోలేదు. 1951లో స్కాట్ హెండర్సన్ సంఘం తన నివేదికలో, తక్కిన పద్ధతులలో అనేకంకంటె కుక్కలతో వేటలో క్రూరత్వం తక్కువేనని చెప్పి దానిని సాగనిచ్చినది.

అర్ధశతాబ్దం గడచిన తరువాత మరల విచారణ జరిగినది. 2000 సంవత్సరంలో లార్డ్ బర్న్స్ అధ్యక్షతన వెలువడిన నివేదిక రెండు పక్షాలకూ పూర్తిగా మోదం కలిగించలేదు. అందుకే అది నమ్మదగినది. బ్రతకగల గొర్రెపిల్లలలో నక్కలపాలయ్యేవి నూటికి రెండుకంటె తక్కువేనని అది లెక్కకట్టినది. కుక్కలు అందుకొన్న తరువాత చావు సాధారణంగా కొన్ని క్షణాలలోనే ముగుస్తుందని ఒప్పుకొన్నది. అయినా దగ్గరగా తరుమబడి, పట్టుబడి చంపబడే అనుభవం నక్క క్షేమానికి తీవ్రమైన హాని అని తేల్చినది. కొండప్రాంతాలలో నక్కను బయటికి రప్పించడానికి కుక్కలు తప్ప వేరు మార్గాలు తక్కువ అని కూడా అదే నివేదిక చెప్పినది.

మరుసటి ఏడు, 2001లో, ఎవరూ కోరని పరీక్ష ఒకటి జరిగినది. గాలికుంటు వ్యాధి బ్రిటనులోని పశువులపై విరుచుకొనిపడినది. అన్నిటికంటె ఘోరంగా దెబ్బతిన్నది కంబ్రియాయే. అంటు వ్యాపించకుండా ఆ ఏడు దాదాపు పది నెలలు దేశమంతటా వేట ఆపివేసినారు. వేట ఆగితే నక్కలు పెచ్చుపెరుగుతాయన్న మాట నిజమైతే అప్పుడు బయటపడవలసినది. కాని శాస్త్రజ్ఞులు ఆ విరామానికి ముందూ తరువాతా నక్కల జాడలను లెక్కించి, చెప్పుకోదగిన పెరుగుదల లేదని 2002లో ప్రకటించినారు. ఆ ఒక్క ఏటి లెక్క అన్ని లోయలకూ అన్ని కాలాలకూ వర్తిస్తుందనలేము. అయితే వేట లేకపోతే గొర్రెల మందలే మిగలవన్న భయం మాత్రం అతిశయోక్తి అని అది చూపినది.

పార్లమెంటు 2004లో చట్టం చేసినది. అది 2005 ఫిబ్రవరి 18 నుండి ఇంగ్లాండు, వేల్స్ దేశాలలో అమలులోనికి వచ్చినది. స్కాట్లాండు అంతకు ముందే, 2002లో, తన చట్టం తాను చేసుకొన్నది. 2004 చట్టం నక్కకు ప్రాణదానం చేసినదనుకొంటే పొరపాటు. పశువులకు నష్టం కలిగించే నక్కను రెండు కుక్కలకు మించకుండా ఉపయోగించి బయటికి రప్పించి, వెంటనే తుపాకితో కాల్చవచ్చును. అది నిషేధించినది చంపడాన్ని కాదు, గుంపుతో తరిమి తరిమి చంపడాన్ని. ఇది వింత చట్టమని వేటపక్షంవారు నవ్వినారు: చచ్చే నక్క ఎట్లైనా చచ్చేటప్పుడు తేడా ఏమున్నది? తేడా ఉన్నది. ఈ వివాదమంతా ఆ తేడాలోనే ఉన్నది.

కాపరి తన మందను కాపాడుకోవడానికి నక్కను చంపడం అవసరం. అవసరమైన పనిని మనిషి ఎంత త్వరగా ముగిస్తే అంత మంచిదనుకొంటాడు. ఆ పనినే రోజంతా సాగదీసి, సాగినకొద్దీ సంతోషించి, మరునాడు కథగా చెప్పుకొని, ఏళ్ళతరబడి పాటగా పాడుకొంటే అది అవసరపు ఎల్ల దాటినది. దీనికి పరీక్ష ఒకటున్నది. కొండలన్నీ గాలించినా నక్క కనబడని దినాన ఇంటికి మరలే మనుష్యుల ముఖాలు చూడవలెను. మందకు భయం లేదని ఊరట కనబడితే వారు కాపరులు. దినం వృథాపోయినదన్న విచారం కనబడితే వారు వినోదగాండ్రు. మైదానాలలోని ధనికుల వేట ఈ పరీక్షలో ఏనాడో ఓడిపోయినది. పందొమ్మిదవ శతాబ్దంలో నక్కలు చాలక, ఐరోపా ఖండం నుండి తెచ్చిన నక్కలను లండనులోని లెడెన్‌హాల్ అంగడిలో కొని తమ పొదలలో విడుచుకొన్నవారు అక్కడివారు. కొండసీమవారిమీద ఆ నింద వేయరాదు. వారికి నక్కపోరు నిజమైనదే. అయినా వారిలో సైతం కాపరీ, వినోదగాడూ ఒకే కోటులో నడచినారు. ఇద్దరినీ విడదీయడమే చట్టం చేసిన పని. కాపరికి తుపాకినీ రెండు కుక్కలనూ మిగిల్చినది. వినోదగానికి ప్రాణితో ఆడే హక్కును తీసివేసినది. అది న్యాయం.

అయితే మూడవ వాదం మిగిలి ఉన్నది: లోయను కలిపే ఆ ఉత్సాహం, కొండ ఎరుక, కుక్కలమీది ప్రేమ ఏమి కావలెను? దీనికి జవాబు చట్టంలో లేదు. ఆ సీమలోనే, చట్టానికి వందేళ్ళకు పూర్వమే ఉన్నది. సోంపునూనె, కిరసనాయిలు కలిపిన ద్రవంలో గుడ్డను తడిపి, కొండలమీదుగా సుమారు పది మైళ్ళు ఈడ్చుకొనిపోయి వాసనజాడ వేస్తారు. ఆ జాడవెంట కుక్కలు పందెం పరుగెత్తుతాయి. యజమానులు గమ్యం దగ్గర నిలిచి ఈలలు వేసి, కేకలు వేసి పిలుస్తారు. ఈ ఆటకు 1906లోనే ఒక సంఘం ఏర్పడినది. కొండ అదే, కుక్క అదే, జనమూ అదే. చచ్చే ప్రాణి మాత్రం లేదు. ఆ సంతోషానికి నక్క చావు అవసరం కాదని రుజువు చేసినవారు పట్నపు సంస్కర్తలు కారు, ఆ కొండవారే. 2004 తరువాత వేటగుంపులు తామూ వాసనజాడల వెంటనే పోతున్నామని చెప్పినా, ఆ మాట చాటున నిజమైన వేట సాగుతున్నదన్న ఆరోపణ విడువలేదు. 2024 ఎన్నికలలో గెలిచిన లేబర్ పార్టీ తన ప్రణాళికలో దానిని కూడా నిషేధిస్తామని వాగ్దానం చేయడానికి కారణం అదే. ఆట నిజంగా ఆటగానే ఉండినట్లయితే ఆ గతి పట్టేది కాదు.

ఈ కథ దూరదేశపు కొండలదైనా తరగతిగదికి పనికివచ్చేదే. ప్రతి సమాజంలోనూ ప్రాణులతో ముడిపడిన ఆచారాలున్నాయి. సంక్రాంతి కోడిపందేల సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆచారాన్ని పాతదని పూజించడమూ తప్పే, మొరటుదని ఈసడించడమూ తప్పే. దానిలో అవసరమెంత, ఆనందమెంత, ఆ ఆనందానికి మూల్యం చెల్లిస్తున్నది ఎవరు అని విడదీసి అడగడం విద్యార్థికి నేర్పవలసిన విద్య. అట్లు అడిగినప్పుడు నిలువవలసినది నిలుస్తుంది. కొండమీద నడక నిలిచినది, కుక్కమీది ప్రేమ నిలిచినది, జాన్ పీల్ పాట నిలిచినది. పోయినది తరుమబడే జంతువు భయం ఒక్కటే. దానిని పోగొట్టుకొన్నందుకు ఏ లోయా బీదది కాదు.